అతని కోసం మిగిల్చిన దెబ్బ

నేను ఒక ప్రయాణపు సంచిలోకి వెళ్లి మరు నిమిషంలోనే బయటికి వచ్చినదాన్ని. రెండు లుంగీలు, ఒక స్వెట్టరు, తలనొప్పి మందు డబ్బా సర్దుకుని, వాటి మీద నన్ను పెట్టి జిప్పు లాగబోయాడు ఎల్లాజీ.

“నడిసంద్రంలో నీకు టీవీ ఎవుడెట్టాడు మావా?” అంటూ అతని భార్య కొర్లమ్మ నన్ను లాక్కుంది.

“టీవీ కోసం కాదే. నాను లేనప్పుడు నివ్వు గొడ్డలోణ్ని సంపేత్తావని.”

“సంపను. ఆకరి దెబ్బ నీదే. నాను ఒగ్గీసి ఉంచుతాను, వొచ్చి కొట్టుకో.”

నేను వీడియో గేమ్ ఆడే కంట్రోలర్‌ని. ఈ ఇంట్లో రిమోట్ అంటారు, నాకూ ఆ పేరే అలవాటైంది. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, ఓడెక్కి వచ్చి, విశాఖపట్నంలో ఒక గేమ్ పార్లర్‌లో మూడేళ్లు పనిచేశాను. మనుషుల సంగతి అక్కడే తెలిసింది. గెలిస్తే వాళ్ల వేళ్ల గొప్ప, ఓడితే నా తప్పు. “బటన్ పన్జెయ్యట్లేదు” అని నన్ను తిట్టనివాళ్లను నేను చూడలేదు. పార్లర్ మూసేసినప్పుడు నన్నూ, ఆట పెట్టెనూ ఎల్లాజీ ఇంటికి తెచ్చాడు.

అతను చేపల బోటు డ్రైవరు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడుమ నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ బోట్లు హార్బర్లో కట్టేసి ఉంటాయి, మగవాళ్లు ఇళ్లలో కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతారు. ఎల్లాజీ మాత్రం నన్ను పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఆటలో ఒక వంతెన ఉంది. దాని మీద తాటిచెట్టంత రాక్షసుడు గొడ్డలి పట్టుకుని నిలబడతాడు. ఆటగాళ్లు అలాంటివాణ్ని బాస్ అంటారు. వీళ్లు గొడ్డలోడు అన్నారు. ఎల్లాజీ వాడి చేతిలో రోజుకు ముప్పైసార్లు చచ్చేవాడు. చచ్చినప్పుడల్లా తిట్లు నాకే.

“రిమోట్‌నేటంటావు?” అంది ఒకరోజు చేపలకు ఉప్పు రాస్తున్న కొర్లమ్మ. “మా అయ్య తెప్ప ఎలా దింపీవోడో సూళ్లేదా? మూడు పెద్ద కెరటాలు పోనిచ్చి, నాలుగోది లేచే లోపల తోసీవోడు. ఆడూ అంతే. మూడు ఏట్లు ఏత్తాడు, మూడోదానికి గొడ్డలి నేల్లో దిగబడతాది. అది పీక్కునే లోపల ఒక్కటి కొట్టి ఎనక్కి వొచ్చీ.”

ఎల్లాజీ కొట్టాడు. వెనక్కి మాత్రం రాలేదు.

“ఇంకొక్కటి” అన్నాడు. గొడ్డలి దిగింది.

“ఆ ఇంకొక్కటే నీ రోగం” అని ఆమె ఉప్పుచేతులతోనే నన్ను లాక్కుంది. ఆ రోజు నుంచి ఆమే నేర్చుకుంది. చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చిందో పైకి చెప్పుకునేది. “భయపడి ముందే దూకాను. ఆడి చెయ్యి సూడకుండా గొడ్డలి సూశాను.” అలా చెప్పుకుంటూ, నన్ను ఒక్క మాటా అనకుండా ఆడిన మనిషిని ఆమెనే చూశాను.

“తోమాల్సిన గిన్నెలు అక్కడున్నాయి, మా కోడలు రాచ్చసుడితో కొట్టుకుంటంది” అని అత్త పోలమ్మ వీధిలో చెప్పేది. అయినా గొడ్డలోడు తూలినప్పుడు ముందు చప్పట్లు కొట్టేది ఆవిడే.

నన్ను సంచిలోంచి లాక్కున్న మర్నాడు, జూన్ పదిహేనున తెల్లవారుతుండగా బోట్లు కదిలాయి.

ఆ సాయంత్రం నుంచి కొర్లమ్మ రోజూ నన్ను తీసింది. గొడ్డలోడికి రెండు దెబ్బల ప్రాణం మిగిలేదాకా కొట్టేది. ఆపైన ఒక్కటి కొట్టి, నన్ను ఒళ్లో పెట్టుకుని, గొడ్డలి తన మీద పడేదాకా ఊరుకునేది. ఆమె ఓడితే వాడికి ప్రాణం మళ్లీ నిండేది.

“గెలిసీదాన్ని సేజేతులా ఓడతావేటే?” అంది పోలమ్మ.

“మా యమ్మ వల అల్లితే ఆకరి వరస ఒగ్గీసేది అత్తా. మగోడు ఏటకెల్తే ఇంట్లో ఒక పని అంచుదాకా తెచ్చి ఆపాలంట. అది ముగించటానికి ఆడు వొస్తాడంట. మా అయ్య మంచమ్మీదే పోయాడు కదా, సంద్రంలో పోలేదు.”

మొదలే ఆడకపోతే సరిపోయేది కదా అనుకున్నాను. కానీ ముట్టని పని సగం పని కాదు. రోజూ అంచుదాకా తేవాలి, రోజూ ఆపాలి. గెలవడం నేర్చుకోవడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. గెలవకుండా ఉండటానికి అంతకన్నా ఎక్కువ ఓర్పు పట్టేది.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఉప్పుచేతుల వల్ల, సముద్రపు గాలి వల్ల, దెబ్బ కొట్టే నా కుడి మీట కింద ఉప్పు చేరింది. ఎప్పుడైనా ఒకసారి నొక్కితే అతుక్కుని, వదిలాక తానే మళ్లీ దిగేది. ఎవరూ గమనించలేదు.

జూన్ ఇరవై ఆరో తారీఖు నుంచి గాలి లేచింది. బోట్లు ఒక్కొక్కటీ వెనక్కి వస్తున్నాయి. ఎల్లాజీ బోటు వాటిలో లేదు. ఇరవై ఎనిమిదో తారీఖు సాయంత్రం హార్బరు నుంచి తిరిగొచ్చి, చీర తడి ఆరకుండానే కొర్లమ్మ నన్ను తీసింది. ప్రతి చప్పుడుకీ గుమ్మం వైపు చూస్తోంది. అయినా ఒక్క తప్పూ చెయ్యలేదు. రెండు దెబ్బలు మిగిలాయి. ఒక్కటి కొట్టింది. వేలు ఎత్తేసింది. నాకు తెలుసు, ఎత్తేసింది.

నా మీట రెండోసారి దిగింది.

గొడ్డలోడు మోకాళ్ల మీద పడి, బూడిదై పోయాడు. వంతెన ఖాళీ అయింది. ఆ ఆటలో ఓడిన బాస్ మళ్లీ లేవడు.

పార్లర్లో నేను చెయ్యని తప్పుకు వందమంది నన్ను తిట్టారు. నేను తప్పు చేసిన ఒక్కనాడు కొర్లమ్మ నన్ను చూడనైనా చూడలేదు. తన బొటనవేలు చూసుకుంది.

మర్నాడు ఆఖరి బోటు వాళ్లు వచ్చి చెప్పారు. తుఫాను కబురు రాగానే అందరూ వెనక్కి తిరిగారు. ఎల్లాజీ ఇరవై ఆరునే వైర్‌లెస్‌లో, “ఇంకొక్క వల ఏసి వొచ్చేత్తాను” అన్నాడు. తర్వాత మాట లేదు.

“ఇరవై ఆరునే అయిపోనాదే తల్లీ, నీ ఆటకీ దానికీ ఏటి సంబంధం?” అని పోలమ్మ కొడుకు కోసం ఏడుస్తూనే కోడలి గడ్డం పట్టుకుంది.

“లేదత్తా. రెండ్రోజులు చెక్క పట్టుకుని తేలుంటాడు. ఆకరి దెబ్బ కొట్టీసి నానే ఒగ్గేశాను.”

ఆమె వేలు కాదని, అది ఉప్పని, నేనని చెప్పడానికి నాకు నోరు లేదు. ఎల్లాజీ చొక్కాలో చుట్టి నన్ను ఇనపపెట్టెలో పెట్టింది. అప్పుడప్పుడు తీసి, వైరు ఏదీ తగిలించకుండానే, కుడి మీట ఒక్కసారి నొక్కి, వేలెత్తి చూస్తుంది. ఒక్కొక్కనాడు అది అతుక్కుంటుంది. ఆమె కళ్ల నిండా నీళ్లుంటాయి, అది ఆమెకు కనపడదు.

గనగళ్ల ఎల్లాజీ, ముప్పై నాలుగేళ్లు, జూన్ పదిహేనున వేటకు వెళ్లాడు. అతని గొంతు చివరిసారి వినపడింది జూన్ ఇరవై ఆరు మధ్యాహ్నం మూడింటికి. అతనూ, బోటులోని ఐదుగురు కలాసీలూ తిరిగి రాలేదు.