చీర పీలికలకు అటువైపు

నేను ఒక స్టీలు మూతను. డబ్బా ఏదని అడక్కండి, అది ఎప్పుడో పోయింది. డబ్బా లేని మూత దేనికీ పనికిరాదని అందరికీ తెలుసు. అయినా ఏ ఇంట్లోనూ నాలాంటి దాన్ని పారేయరు. ఎప్పటికైనా దేనికో ఒకదానికి సరిపోతామని వాళ్ళ ఆశ. మనుషుల మీద నాకున్న కాస్త గౌరవమూ అందువల్లనే.

ఏదో కార్ఖానాలో రేకును గుండ్రంగా కోసి, అంచు మడిచి, మెరుగు పెట్టి నన్ను అనకాపల్లిలో ఒక సామాన్ల కొట్టుకు పంపారు. అక్కడ నన్ను కొన్నావిడ వరహాలమ్మ. కొన్న వెంటనే పేరు కొట్టించింది. గీమని మోగే మిషను సూదితో కొట్టతను నా వీపు మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు రాస్తుంటే నాకు ఒళ్ళంతా మంటెత్తింది. గిన్నెలు ఇరుగిళ్ళకూ పొరుగిళ్ళకూ తిరుగుతుంటాయి కదా, ఏది ఎవరిదో తేలాలని ఆ జాగ్రత్త.

ఒకరోజు ఆమె కూతురు పావని కాలేజీకి వెళ్ళే తొందరలో నా డబ్బాకు వేరే మూత పెట్టుకుని పట్టుకెళ్ళి బస్సులో మరిచిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు మజ్జిగ గ్లాసు మీదా పాల గిన్నె మీదా కూర్చుని కాలక్షేపం చేశాను. పావని కొడుకు హవిష్ వచ్చాకే నాకు నిజమైన పని దొరికింది.

హవిష్‌కు ఆటిజం. ఏడేళ్ళు, మాటలు లేవు. బోలెడు బొమ్మలు కొన్నారు గానీ వాడు నన్ను ఎంచుకున్నాడు. నేల మీద నిలబెట్టి తిప్పేవాడు. నేను గిరగిరా తిరిగి, నెమ్మదించి, గలగలమంటూ పడుకునేదాన్ని. ఆగాక నా వీపు మీది చుక్కల్ని బొటనవేలితో తడిమి మళ్ళీ తిప్పేవాడు. చూసినవాళ్ళు అయ్యో అనేవారు. ఆ అన్నవాళ్ళే పొద్దస్తమానం ఫోను మీద వేలు పైకీ కిందికీ జరుపుతూ కూర్చునేవారు, వాళ్ళనెవరూ అయ్యో అనేవారు కాదు.

వాడి నాన్న ఈశ్వరరావుది పోర్టుబ్లెయిర్ రేవులో ఉద్యోగం. ఏడాదికోసారి వచ్చేవాడు. అక్కడ క్వార్టరు ఇచ్చారు. ముగ్గురూ ఒకచోట ఉండాలన్నది పావని ఒకే ఒక్క కోరిక. ఓడలో అన్ని రోజులు వాడితో కష్టం కాబట్టి విమానం తప్పదు.

మొదటిసారి విమానాశ్రయానికి వెళ్ళినప్పుడు, తనిఖీ దగ్గర గార్డు నన్ను వాడి చేతిలోంచి తీసుకుని, ట్రేలో వేసి మిషనులోకి తోశాడు. వేలాడే రబ్బరు పట్టీల వెనక నేను మాయమవగానే వాడు నేల మీద పడి తల బాదుకున్నాడు. నేను బయటికి వచ్చేసరికి వాడు దేన్నీ చూసే స్థితిలో లేడు. "పిల్లాణ్ణి ఇలాగేనా పెంచడం" అన్నారెవరో. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీశాడు. విమానం వెళ్ళిపోయింది. పావని ఇంటికొచ్చి, "ఇంక నావల్ల కాదండీ" అని ఫోన్లో భర్తతో చెప్పింది.

వరహాలమ్మ ఊరుకోలేదు. "ఎరగని పనైతే ఎవులికైనా భయమేనే. ఇంటికాడ నేర్పుదాం. నానూ మీతోటి వస్తాను" అంది.

మంచం మిషను అయింది. పాత చీరను పీలికలుగా చింపి మంచానికి రెండు వైపులా వేలాడదీసింది. ట్రేకు బదులు చేట, దానికో తాడు. పావని గార్డు. అప్పడాల కర్రతో కొడుకు ఒళ్ళంతా తడిమేది. వాడు నన్ను చేటలో పెడితే, అటువైపు నేల మీద కూర్చున్న వరహాలమ్మ తాడు లాగేది. నేను మంచం కింది చీకట్లోంచి జారి ఆమె చేతికి చేరేదాన్ని. వాడు చుట్టూ తిరిగి వస్తే, "వచ్చీసినాది నాయనా, నీ మూతెక్కడికెల్తాది" అని ఇచ్చేది. మొదట్లో ఏడ్చినవాడు కొన్నాళ్ళకు నవ్వుతూ పరిగెత్తుకొచ్చేవాడు. అసలు రోజున తాను వరుసలో ముందు నడిచి, అటువైపు నన్ను అందుకుని వాడికివ్వాలని ఆమె ఆలోచన.

ప్రయాణం నెల ఉందనగా వరహాలమ్మ నిద్రలోనే పోయింది.

పెద్దకర్మ దాకా ఇంటినిండా చుట్టాలే. అంతమంది ఏడుపుల మధ్య వాడు నన్ను తిప్పుకుంటూ కూర్చున్నాడు. "పిచ్చి నాయన, ఆడికేటి తెలుస్తాది" అన్నారు. పావని కూడా అదే అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. కర్మకు వచ్చిన ఈశ్వరరావు సెలవు అయిపోయి ముందు వెళ్ళాడు. తర్వాత పావని కొడుకును తీసుకుని ఒక్కతే బయల్దేరింది.

తనిఖీ దగ్గర వాడు బుద్ధిగా నిలబడ్డాడు. ఎవరూ అడక్కముందే నన్ను ట్రేలో పెట్టాడు. పావని నమ్మలేనట్టు చూసింది. రబ్బరు పట్టీలు నా వీపును రాసుకుంటూ జారాయి. నేను వెలుతురులోకి వచ్చేసరికి వాడు అప్పటికే అక్కడున్నాడు, నవ్వుతూ. నన్ను చూడలేదు. నా వెనక చూశాడు. బెల్టు చివర చూశాడు. గార్డుల మధ్య చూశాడు. అమ్మమ్మ నేల మీద కూర్చుంటుంది కదా, వంగి బెల్టు కింద కూడా చూశాడు.

అప్పుడు తెలిసింది మాకు. ఇన్నాళ్ళూ వాడు ఏడవనిది ఏమీ తెలియక కాదు. అమ్మమ్మ ఎక్కడుంటుందో వాడికి తెలుసు. అటువైపు ఉంటుంది.

గార్డు అమ్మాయి "తీసుకో బాబూ" అని నన్ను అందిస్తే వాడు చెయ్యి చాపలేదు. పావని మోకాళ్ళ మీద కూర్చుని నన్ను తీసుకుంది. "వచ్చీసినాది నాయనా, నీ మూతెక్కడికెల్తాది" అంది. అమ్మ యాస ఆమె నోట నేను అంతకు ముందెన్నడూ వినలేదు. అమ్మ పోయిన రోజున కూడా ఆమె అంతగా ఏడవలేదు. వాడు ఆ మాట విని ఆమె ముఖంలోకి చూశాడు, తర్వాత ఆమె వెనక్కి చూశాడు. నన్ను తీసుకోకుండానే ఆమె వేలు పట్టుకుని నడిచాడు.

విమానంలో ఒక్కసారి కూడా అరవలేదు. "ఎంత బుద్ధిమంతుడమ్మా మీ అబ్బాయి" అని పక్క సీటాయన మెచ్చుకున్నాడు. పావని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇప్పుడు ముగ్గురూ ఒకచోటే ఉన్నారు. హవిష్ నన్ను తిప్పడం మానేశాడు. సాయంత్రం అయితే చుక్కల్ని ఒకసారి తడిమి, నన్ను మంచం కిందికి తోసి, చుట్టూ తిరిగి అటువైపుకు వెళ్ళి కూర్చుంటాడు. పావని తీసి ఇచ్చినా, ఈశ్వరరావు ఇచ్చినా అందుకోడు. వాళ్ళు పక్కకు వెళ్ళాక తనే తీసి మళ్ళీ తోస్తాడు.

నేనేం చేయను? ఆమె పేరు నా వీపు మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. రోజూ ఆ చీకట్లోంచి జారుతూ అటువైపుకు వెళ్తాను. నా వెనక ఎవరైనా వస్తారేమోనని వాడు చూస్తాడు. నేను ఒక్కదాన్నే వస్తాను.