ప్రసారం కోసం తీసిన కాలు

ఆలివ్ తోటల మధ్య కొండవాలున వేసిన ఆ శిబిరానికి ఇంటర్నెట్ తెచ్చినవాడు ఖల్దూన్. యుద్ధానికి ముందు అతను అలెప్పోలో ఒక రేడియో కేంద్రంలో ప్రసార యంత్రాల దగ్గర పనిచేసేవాడు. ఇల్లూ పోయి, ఉద్యోగమూ పోయి, భార్య రబాబ్‌ను వెంటబెట్టుకుని సరిహద్దు దాకా వచ్చి పడ్డాక అతని చేతిలో మిగిలింది ఆ విద్య ఒక్కటే. నీళ్ల పైపులు ఒకదానికొకటి అతికించి కొండ నెత్తిన స్తంభం నిలబెట్టాడు. దాని మీద డిష్ బిగించి, లోయ అవతల పట్నంలో ఉన్న టవరుకేసి గురిపెట్టాడు. అక్కణ్ణించి అందుకున్న సిగ్నల్‌ని చిన్న యాంటెన్నాలతో గుడారాల వరసలకు పంచాడు. జర్మనీలో ఉన్న కొడుకు ముఖం చూసి ఒక తల్లి తెర మీద ముద్దుపెట్టుకున్న రోజున, ఖల్దూన్‌కి తాను మళ్లీ మనిషినయ్యానని అనిపించింది.

గాలి గట్టిగా వీస్తే డిష్ కాస్త పక్కకు జరిగేది. ఆ కాస్తకే శిబిరమంతా మూగబోయేది. ఖల్దూన్ బురదలో కాళ్లీడ్చుకుంటూ కొండెక్కేవాడు. దారిలో గుడారం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న అబూ నాయిఫ్ అతన్ని ఊరికే పోనిచ్చేవాడు కాదు.

"ఏరా ఖల్దూన్, గాలి అమ్ముకుని బతికేవాడివి, గాలొస్తే హడలి చస్తావేంరా?"

"నీ బస్సు కంటే నయమే బాబాయ్. అది చినుకు పడితేనే ఆగేదటగా."

"నా బస్సుని ఏమన్నా అనుకో. బ్రేకుల జోలికి మాత్రం రాకు. అవి ఉంటే కదా అనడానికి!"

ముసలాయన ఒకప్పుడు అలెప్పో దారిలో మినీ బస్సు నడిపేవాడు. బాంబు పడిన రోజున కొడుకు నాయిఫ్, కోడలు, తన ఎడమ కాలు ఒకేసారి పోయాయి. మనవరాలు జుమానా ఒక్కతే మిగిలింది. ఏదో సంస్థవాళ్లు పట్నంలోని వర్క్‌షాపులో కొలతలు తీసుకుని ఆయనకు కృత్రిమ కాలు చేయించి ఇచ్చారు. అదంటే ఆయనకు ప్రాణం. పొద్దున్నే రెండు బూట్లకూ పాలిష్ పెట్టేవాడు. "ఈ కాలికి చలి లేదు, నొప్పి లేదు. ముందే తెలిస్తే రెండూ ఇవే పెట్టించుకుందును" అని నవ్వించేవాడు.

చలికాలం మొదట్లో హైసం అనేవాడు శిబిరంలో దిగాడు. మెడకు మెత్తని శాలువా, పది అడుగుల దూరం నుంచే ముక్కు పగలగొట్టే అత్తరు. శిబిరం చివర ఇటుకల గది అద్దెకు తీసుకుని ఖల్దూన్‌ని టీకి పిలిచాడు.

"అన్నా, ఇది పుణ్యం పని. మనవాళ్ల గోస దేశదేశాల్లో జనం చూడాలి. చూసినవాళ్లు ఊరుకుంటారా? పంపుతారు. నాకు మాత్రం ప్రత్యేకంగా ఒక లైను కావాలి. బొమ్మ ఎక్కడా ఆగకూడదు."

ఖల్దూన్ ఇచ్చాడు. హైసం ఇచ్చే డబ్బుతో కొత్త బ్యాటరీలు కొన్నాడు. ఆ గదిలో ఏం జరుగుతోందో అడగలేదు. రేడియోలో ఉన్నప్పుడూ అంతే. మైకు ముందు ఎవరేం వాగినా అతనికెందుకు, తరంగం శుభ్రంగా వెళితే చాలు.

ఒక మధ్యాహ్నం బొమ్మ ఆగిపోతోందని హైసం కబురు పెట్టాడు. ఖల్దూన్ సంచీ భుజాన వేసుకుని వెళ్లాడు. గదిలో అడుగు పెట్టగానే అత్తరు కంపు, దాని కింద కిరసనాయిలు వాసన. మూడు కాళ్ల స్టాండు మీద ఫోను, దాని చుట్టూ గుండ్రటి తెల్లదీపం. దీపం ఎదురుగా చాప మీద అబూ నాయిఫ్ కూర్చుని ఉన్నాడు. పెట్టుడు కాలు తీసేసి ఉంది. పైజామా మోకాలి దాకా మడిచి, మొండి కాలు దీపం వెలుగులోకి చాపి ఉంది. పక్కన చిరిగిన గౌనులో జుమానా. ఆ పిల్లకి రబాబ్ అల్లిచ్చిన స్వెటరు ఉంది, అది గోడ మూల పడేసి ఉంది. దాని పక్కనే మంట ఆర్పేసిన పొయ్యి, దాని వెనకాల కృత్రిమ కాలు, పాలిష్ పెట్టిన బూటుతో సహా.

"సింహం పంపండి, అయ్యా! ఒక్క సింహం!" హైసం ఫోను వెనక నుంచి అరుస్తున్నాడు. "గులాబీలతో ఈ ముసలాయన కడుపు నిండదు! చూడండి, కాలు చూడండి! జుమానా, కళ్లు తుడుచుకోకే, అలాగే ఉండు!"

తెర మీద గులాబీలు, గుండెలు, టెడ్డీ బొమ్మలు ఎగురుతున్నాయి. ఒక్కో బొమ్మకూ ఒక ధర, అన్నిటికంటే ఖరీదు సింహానిది; పంపినవాళ్ల డబ్బు హైసం ఖాతాలో పడుతుంది. ఎవరో ఎక్కడో సోఫాలో పడుకుని వేలితో నొక్కుతున్నారు. అబూ నాయిఫ్ కింది పెదవి వేలాడేసి, కనుబొమలు పైకెత్తి, తల ఒక పక్కకు వాల్చి చూస్తున్నాడు. ఖల్దూన్ ఆ ముఖాన్ని ఎన్నడూ చూడలేదు. కాసేపు అది వేరే ఎవరిదో అనుకున్నాడు.

ముసలాయన కళ్లు అతన్ని చూశాయి, వెంటనే దీపంలోకి తిరిగిపోయాయి.

ఖల్దూన్ వైరు కొన సరిచేసి బయటపడ్డాడు. నోట్లో ఏదో జిడ్డు అంటుకున్నట్టుంది. రెండుసార్లు ఉమ్మాడు, పోలేదు. ఇంటికొచ్చాక రబాబ్ పప్పు చారు, రొట్టె ముందు పెడితే పక్కకు నెట్టేశాడు.

"ఏమైంది?" అంది రబాబ్.

"ఆ హైసం వెధవ ముసలాయన కాలు తీయించి కూర్చోబెట్టాడు. సంతలో గొర్రెకి పళ్లు చూపించినట్టు చూపిస్తున్నాడు."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"శిబిరంలో ఆడవాళ్లందరికీ తెలుసు. నీకొక్కడికే తెలీదు. నువ్వు స్తంభం ఎక్కితే కింద ఉన్నవాళ్లు కనపడరు కదా." ఆమె రొట్టె తుంచి చారులో ముంచింది. "వచ్చిన దాంట్లో మూడు వంతులు వాడే నొక్కేస్తాడట. మిగిలిన దాంతో జుమానాకి బూట్లు కొన్నాడు ముసలాయన. అసహ్యం వేస్తోందా? వేస్తే వెయ్యనీ. ఈ రొట్టె కూడా ఆ లైను మీదే వచ్చింది, తిను."

అతను తినలేదు.

తర్వాత వారం హైసం పోటీలు మొదలుపెట్టాడు. ఇంకో శిబిరంలో ఇంకో ముఠా, అక్కడొక కుంటివాడు, ఇక్కడ అబూ నాయిఫ్. తెర రెండుగా చీలి ఇద్దరూ పక్కపక్కన కనిపిస్తారు. ఎవరికి బొమ్మలు ఎక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాడికి శిక్ష. ఖల్దూన్ చూడనని ఒట్టు పెట్టుకున్నాడు. అయినా ఆ శుక్రవారం ప్రార్థనలయ్యాక స్తంభం మొదట్లో కూర్చుని తన ఫోనులో తెరిచాడు.

అబూ నాయిఫ్ ఓడిపోయాడు.

"శిక్ష! శిక్ష!" అని హైసం చప్పట్లు కొట్టాడు. "కుక్కలా మొరగాలి బాబాయ్! మొరిగితే రెండో ఆటకి సింహం ఇస్తానన్నాడు కువైట్ పెద్దమనిషి!"

ముసలాయన నవ్వడానికి చూశాడు. "నేను బస్సు హారన్ బాగా కొడతాను నాయనా, అది కొట్టనా?"

"హారన్ వద్దు. కుక్క!"

జుమానా తాత చొక్కా పట్టుకుంది. అబూ నాయిఫ్ మొరిగాడు. ఒకసారి చిన్నగా. చాల్లేదన్నారు. మళ్లీ మొరిగాడు. తెర కింద జనం పెట్టిన నవ్వుముఖాలు బొలబొలా రాలాయి. ఆ నవ్వుముఖాలన్నీ తన డిష్ లోంచే లోపలికి వస్తున్నాయి, ఆ మొరుగుడు తన స్తంభం మీది నుంచే ప్రపంచంలోకి పోతోంది అనుకున్నాడు ఖల్దూన్. లేచి స్తంభానికి బిగించిన వైర్ల పెట్టె తెరిచి హైసం లైను వైరు పట్టుకుని లాగేశాడు. కొన తెగి చేతిలోకి వచ్చింది.

కొండ దిగేసరికి హైసం ఎదురొచ్చాడు. వాణ్ణి తోసుకుంటూ పోయాడు ఖల్దూన్. గదిలో అబూ నాయిఫ్ ఒంటికాలి మీద గోడ పట్టుకుని లేస్తున్నాడు. ఖల్దూన్ కృత్రిమ కాలు తెచ్చి ముందు పెట్టాడు.

"వేసుకో బాబాయ్. పోదాం పద."

"లైను నువ్వే కోశావా?"

"నేనే."

ముసలాయన కాలు అందుకోలేదు. ముఖం ఎర్రగా కందిపోయింది.

"మొరిగాక కోశావేంరా? కోసేవాడివి ముందు కోసుంటే సరిపోయేది కదా! సింహం వచ్చేది. ఇంకో నిమిషంలో వచ్చేది. ఇప్పుడు నేను ఊరికే మొరిగినవాణ్ణయ్యాను."

"బాబాయ్, నిన్ను అట్లా చూడలేకపోయాను..."

"చూడలేకపోతే కళ్లు మూసుకో. నీకు అసహ్యమేస్తే నా ఆకలి తీరుతుందా? ఇన్నాళ్లూ వాడి డబ్బు తీసుకున్నప్పుడు వెయ్యలేదా అసహ్యం? పో, నీ స్తంభం ఎక్కి కూర్చో పో!"

జుమానా మూల నుంచి స్వెటరు తెచ్చుకుని తొడుక్కుంటోంది, ఎవరి వంకా చూడకుండా.

రెండు రోజుల్లో హైసం ఆకాశంలోని ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటర్నెట్ అందుకునే పలక ఒకటి కొనుక్కొచ్చి గది కప్పు మీద పెట్టుకున్నాడు. ఖల్దూన్‌తోనూ, అతని స్తంభంతోనూ ఇక వాడికి పని లేదు. కాలు లేనివాళ్లూ చూపులేనివాళ్లూ గది ముందు వరసలో నిలబడ్డారు. ఖల్దూన్ ఎదురుపడితే కొందరు ముఖం తిప్పుకునేవారు. "మంది నోటి ముందు కూడు లాగేవాడు" అని ఒకామె రబాబ్‌కి వినపడేట్టుగానే అంది. అబూ నాయిఫ్ గుడారం ముందు కుర్చీ ఖాళీగా ఉండేది. ఆయన పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆ గదిలోనే, చల్లటి చాప మీద, మొండి కాలు చాపుకుని.

మంచు కరిగే వేళకి ఆ ప్రసారాల మీద ఎక్కడో ఎవరో గొడవ చేశారు. ఆ ప్రసారాల యాప్ నడిపే కంపెనీవాళ్లు హైసం ఖాతా మూసేశారు. మర్నాడు చూస్తే గది ఖాళీ. పలక లేదు, దీపం లేదు, జనానికి రావాల్సిన వాటాలు లేవు. మిగిలింది అత్తరు వాసనే. ఆడవాళ్లు వెళ్లి ఆ చాపని బయటికి లాగి తగలబెట్టారు. అది కాలినా ఆ కంపు పోలేదని రబాబ్ చెప్పింది.

ఆ మధ్యాహ్నమే జుమానా స్తంభం దగ్గరికి వచ్చింది. "తాతకి కాలు పట్టట్లేదు. రమ్మంటున్నాడు."

ఖల్దూన్ వెళ్లాడు. చలికాలమంతా కాలు తొడక్కపోవడంతో మొండి కాలు వాచి, గిన్నె లాంటి ఆ తొడుగులో దూరడం లేదు. బలవంతంగా దూర్చినచోట చర్మం రేగి నీరు కారుతోంది. ముసలాయన దాన్ని చూపించడానికి ఇష్టపడక దుప్పటి కప్పుకున్నాడు.

"ఫోను కలుపు. ఆ వర్క్‌షాపువాడితో మాట్లాడతాను. నాకోసం కాదు, ఈ పిల్ల నన్ను మోయలేదు" అన్నాడు గోడకేసి చూస్తూ.

ఖల్దూన్ కలిపాడు. వర్క్‌షాపువాడు తెర మీదే కాలు చూసి, తీసుకురమ్మన్నాడు. మర్నాడు ఖల్దూన్ మోటారు సైకిలు మీద ఆయన్ని వెనక ఎక్కించుకుని, పెట్టుడు కాలుని తాడుతో బండికి కట్టుకుని పట్నం వెళ్లాడు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒకచోట గుంట వచ్చి బండి ఎగిరితే మాత్రం "బ్రేకులు" అన్నాడు ముసలాయన. ఖల్దూన్‌కి కాస్త ప్రాణం లేచివచ్చింది.

వర్క్‌షాపులో పనిచేసే ఒక పిల్ల మంచిగా మాట్లాడింది. టీ ఇచ్చింది. కొలతలు తీశాక ఫోను బయటికి తీసింది.

"ఒక్క ఫొటో, మామా. దాతలకి పంపాలి. మీకు అభ్యంతరమైతే వద్దులెండి."

అబూ నాయిఫ్ అభ్యంతరం లేదన్నాడు. ఆ పిల్ల ఫోను ఎత్తింది. ఎత్తీ ఎత్తకముందే ముసలాయన కింది పెదవి వేలాడింది. కనుబొమలు పైకి లేచాయి. తల దానంతటదే ఒక పక్కకి వాలింది. పైజామా మడత ఇంకాస్త పైకి లాక్కుని, మొండి కాలు కిటికీ వెలుగులోకి చాపాడు.

"అయ్యో, మామూలుగానే ఉండండి మామా" అంది ఆ పిల్ల.

"ఇది మామూలే తల్లీ" అన్నాడాయన, ఆ ముఖంతోనే.

ఖల్దూన్ బయటికి నడిచాడు. వీధిలో గోడ పట్టుకుని వంగాడు. పొద్దున తాగిన టీ అంతా కక్కేశాడు. లోపల ఇంకేమీ మిగలకపోయినా వాంతి ఆగలేదు.