ఊపిరికి ముహూర్తం

భీమవరంలో రొయ్యల చెరువులు సాగుచేసే వేణుగోపాలరాజుగారు, కోడలు దేవిశ్రీ నెల తప్పిందని తెలిసిన రోజే మనవడు కలెక్టరవుతాడని తేల్చేశారు. అందుకు తగిన ముహూర్తం సిద్ధాంతిగారు తొమ్మిదో నెల మొదట్లోనే పడేలా పెట్టారు. ఆ ఘడియకు ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తియ్యమని అడగడానికి రాజుగారు కోడలిని వెంటబెట్టుకుని డాక్టర్ మంజుష దగ్గరికి వెళ్ళారు.

"అప్పటికి ఊపిరితిత్తులు పూర్తిగా తయారవవండి," అన్నారావిడ. "నెలలు నిండేకొద్దీ బిడ్డ ఒంట్లో కార్టిసాల్ అనే స్టెరాయిడ్ దానంతటదే పెరుగుతుంది. దాంతోనే అవి పక్వానికొస్తాయి."

రాజుగారు ఉలిక్కిపడ్డారు. "స్టెరాయిడ్సా! మా ఇంటా వంటా లేవండి. మా రొయ్యలకే వెయ్యనివ్వను!"

"ఎవరూ వెయ్యక్కర్లేదండి. మీ ఒంట్లోనూ ఉంది, సిద్ధాంతిగారి ఒంట్లోనూ ఉంది."

సిద్ధాంతిగారికీ ఉందనేసరికి ఆయన కాస్త మెత్తబడ్డారు. అదే అదనుగా దేవిశ్రీ అడిగింది. "మామయ్యగారూ, రొయ్య ఎదగకముందే చెరువులో వల వేయించి పట్టించేస్తారా మీరు?"

ఆయన ఆపరేషన్ మాట మానేసి, కోడలిని ఇంటికి తీసుకొచ్చేశారు. ముహూర్తం దాటిపోయింది.

నొప్పులు వాటంతటవే వచ్చి, అమావాస్య మంగళవారం, నిండు రాహుకాలంలో ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఆసుపత్రి వరండా దద్దరిల్లేలా ఏడ్చింది. రాజుగారు భయంభయంగా సిద్ధాంతిగారికి ఫోన్ చేసి పుట్టిన సమయం చెప్పారు.

"మహారాజయోగమండీ! మొదట్నుంచీ నా మనసులో ఉన్నది ఈ ఘడియే," అన్నారు సిద్ధాంతిగారు.

పిల్ల ఏడుపులో రాజుగారికి అది సరిగా వినబడలేదు. ఫోన్ పెట్టేసి, గుక్కపట్టి ఏడుస్తున్న మనవరాలిని కళ్ళారా చూస్తూ నిలబడిపోయారు.