గుంతలో పొయ్యని నీళ్లు

"మన కొత్త ట్యాంకు నింపుతున్నరు బేటా! మోటరు ఏసి రెండు గంటలాయె. బయట ముసురు గదా, అందరం దాని కిందనే వంట పెట్టినం" అని తల్లి గోరీ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. మానుకోట సమ్మె శిబిరంలో కూర్చున్న నీళ్ల శాఖ ఇంజనీరు హన్మంత్ దిగ్గున లేచాడు.

"యాడీ, అందర్ని బయటికి తోలు!" అని అమ్మను పిలుస్తూ అరిచాడు. అప్పటికే ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. తోటి ఉద్యోగి చేతిలోంచి బండి తాళం గుంజుకున్నంత పనిచేసి బయ్యారం దగ్గరి తన తండాకు దారి పట్టాడు. వాన మూడు రోజులుగా విడవలేదు.

నిరుడు ఎండాకాలం ఆ ట్యాంకుకు మట్టి పరీక్ష చేసింది తనే. అదేం బ్రహ్మవిద్య కాదు. గుంత తవ్వి, అడుగున ఇనుప పలక పరిచి, జాకీతో బరువు తొక్కిస్తారు. పలక ఒక్క మిల్లీమీటరు దిగడానికి ఎంత బరువు పట్టిందో చూస్తారు. ఎంత ఎక్కువ పడితే మట్టి అంత గట్టి. ఆ అంకెను చూసే పైవాళ్లు పునాది ఎంత వెడల్పు ఉండాలో గీస్తారు. కానీ నల్లరేగడిని నమ్మడానికి లేదు. ఎండలో రాయిలా ఉంటుంది, వానకు అంబలి అవుతుంది. అందుకే ముందు గుంతను బాగా నానబెట్టి, అప్పుడు తొక్కించాలి.

ఆ రోజు పన్నెండు బిందెలు కావాలన్నాడు. ఆడవాళ్లు ఎండిన వాగు వెంట కిలోమీటరున్నర నడిచి, ఇసుకలో చెలిమలు తోడి తెచ్చారు. గోరీ తెచ్చిన బిందెనే ముందు ఎత్తాడు. ఆమె ఎండిన పెదవులు తడుపుకుంటూ బిందె వైపు చూసింది, అంతే. ఇక అతని చెయ్యి వంగలేదు. ఎక్కడినుంచో వచ్చిన ఇంజనీరయితే నిమిషంలో గుమ్మరించేవాడు, ఇతను ఆ నీళ్లు తాగి పెరిగిన తండా పిల్లవాడాయె! పొడిమట్టినే తొక్కించి, కాగితంలో మాత్రం నానబెట్టినట్టు రాశాడు. జాలిపడ్డావు సరే, అబద్ధం ఎందుకు రాశావయ్యా అంటే ఏం చెప్తాడు? వానలు పడ్డాక మళ్లీ వచ్చి చేద్దామనుకున్నాడు. రాలేదు, పునాది ఆ పొడిమట్టి అంకె మీదనే ఇరుకుగా లేచింది.

తండా చేరేసరికి ట్యాంకు నాలుగు కాళ్ల మీద నిలబడే ఉంది. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే తూర్పు కాలు మట్టిలోకి రెండు వేళ్ల మేర దిగింది. పైన దూలం దగ్గర సిమెంటు చిట్లింది. కింద మూడు పొయ్యిలు, ముప్పై మంది మనుషులు. పిల్లలు ఆ తూర్పు కాలుకే వీపులానించి అన్నం కోసం చూస్తున్నారు.

"మోటరు బంద్ చెయ్యుండ్రి! అందరు బయటికి!"

తండా పెద్ద టీక్యా అడ్డం వచ్చాడు. "ఏందిరా గిది? మూడొద్దులకు కరెంటు అచ్చింది. మా పానం ఉండంగ నల్లా నీళ్లు సూస్తమనుకుంటే బంద్ జెయ్యమంటవేంది?"

నిజం చెప్తే హన్మంత్ నౌకరి పోతుంది. తలపైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"తప్పు నాదే కాకా! మట్టి నానబెట్టకుంటనే పరీక్ష జేసిన. నానబెట్టినని అబద్ధం రాసిన. గిప్పుడు కింద మట్టి నానింది, ట్యాంకు కూలుతది!"

అందరికంటే ముందు గోరీ కదిలింది. ఇద్దరు పిల్లల్ని రెక్కలు పట్టి లాగింది. అది చూసి మిగతావాళ్లు గిన్నెలు పొయ్యి మీదనే వదిలి ఉరికారు. టీక్యా పోయి మోటరు ఆపాడు.

బరువు తగ్గాలంటే ట్యాంకు ఖాళీ చెయ్యాలి, కానీ నీళ్లు అక్కడే వదిలితే పునాదిలోకే దిగుతాయి. అందుకని వాగు ఒడ్డున చివరి నల్లాల దగ్గరి పెద్ద వాల్వు తిప్పారు, నీళ్లు బిందె పట్టనియ్యనంత జోరుగా వాగులోకి దూకాయి. ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకొని, తమ నీళ్లు వాగులో కలవడం పొద్దుగూకేదాకా చూస్తూ నిలబడ్డారు. హన్మంత్ మాత్రం తూర్పు కాలు మీద నుంచి చూపు తిప్పలేదు. అది ఇంకో వేలు దిగింది, అక్కడ ఆగింది. ఎవరూ దగ్గరికి పోలేదు.

గోరీ వచ్చి పక్కన నిలబడింది. "ఆ దినం ఎందుకు పొయ్యలేదురా?"

"నువ్వు మోసుకొచ్చినవని, యాడీ."

ఆమె పొయ్యిల పక్కన పడి ఉన్న పిల్లల పళ్లేల వైపు చూసింది.

"అడుగుతే ఇంకో పన్నెండు తెస్తుంటిమి గదరా" అంది. ఖాళీ బిందె చంకనెత్తుకొని వాగు దారి పట్టింది.