సున్నం చేతులు

చీపురుపల్లి మైదానంలో కూర్మయ్య కబడ్డీ కోర్టుకి మధ్యగీత వేస్తున్నాడు. రెండు మేకులకి తాడు లాగి కట్టి, నడుం వంచి, గుప్పిట్లోంచి సున్నప్పొడి సన్నగా జారవిడుస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి. ఏళ్ళ తరబడి సున్నం ఒరిసి వేళ్ళ సందుల్లో చర్మం చేప పొలుసులా లేచిపోయింది. గీత పూర్తికాగానే కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు. గోళ్ళలో పుల్ల పెట్టి గీక్కున్నాడు.

పంతొమ్మిదో ఏట కడుక్కోలేదు. ఆరోజు జిల్లా జట్టుకి ఎంపిక. మైదానం పని చేసే అయ్యకి జ్వరం వస్తే, పొద్దున్నే గీతలు తనే వేసి, ఆ చేతులతోనే ఆటకి దిగాడు. ఆఖరి కూతలో నలుగురు మీద పడి నొక్కేసినా చెయ్యి చాపి మధ్యగీత అందుకున్నాడు. రిఫరీ నరసింగరావు, అప్పట్లో డ్రిల్లు మాస్టారు, ఈల వేసి అవుట్ అన్నాడు. కూర్మయ్య తెల్లటి వేళ్ళు చూపించాడు.

"అది పొద్దున్నంటిన సున్నంరా," అన్నాడు మాస్టారు.

మైదానమంతా నవ్వింది. అతని బదులు మాస్టారి అన్న కొడుకు జట్టులోకి వెళ్ళాడు, అటునుంచి సర్కారు ఉద్యోగంలోకి వెళ్ళాడు. కూర్మయ్య అయ్య తర్వాత సున్నం బస్తా దగ్గరికి వచ్చాడు.

చదువు ఏడుతో ఆగింది. అయినా పాతకాగితాల కొట్టులో ఆటల పుస్తకం కనబడితే వదలడు. పరుగువీరుల జీవితాలు, కబడ్డీ నియమావళి, అట్ట ఊడిన క్రికెట్ జ్ఞాపకాలు ఏవైనా సరే, రేకుల గదిలో కూచుని అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతాడు. గెలిచిన పేజీలు గబగబా తిప్పేస్తాడు. అన్యాయంగా ఓడినవాడి పేజీ దగ్గర ఆగి, టీ తెప్పించుకుని, మళ్ళీ మొదటినుంచి చదువుతాడు. అలాంటి పుస్తకంలోనే ఒక పరుగుపందెం ఫోటో చూశాడు. ఇద్దరూ ఒకేసారి వచ్చారని అందరూ అనుకున్నారట. ఫోటోలో మాత్రం ఒకడి రొమ్ము వెంట్రుకవాసి ముందుంది. మర్నాడే సాలూరు వెళ్ళి, పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాడెవరో అమ్ముకుంటున్న కెమెరా పట్టుకొచ్చాడు.

బావమరిది ఈశ్వర్‌కి స్టూడియో ఉంది. నేర్పింది అతనే.

"సెరువుకాడికెళ్ళి కొంగల్ని తియ్యి బావా. ఎంత బాగొస్తాయో."

"కొంగలు నాకేటి సేశాయి?"

"మరేటి తీస్తావు?"

"గీత."

ఈశ్వర్ బుర్ర గోక్కున్నాడు. "అయితే కంటికి కనబడ్డాక నొక్కకు. అప్పటికే అయిపోద్ది. సెయ్యి లేస్తన్నప్పుడే నొక్కెయ్యాల."

మూడేళ్ళుగా ప్రతి ఆదివారం అదే సాధన. ఒక్కోసారి ఎండలో లేచిన దుమ్మూ, పిల్లల పిక్కలూ ఫోటోలో ఎంతో అందంగా పడేవి. కాసేపు చూసుకుని మురిసి, తనమీద తనకే కోపం వచ్చి చెరిపేసేవాడు.

ఈరోజు అమ్మాయిల కబడ్డీ పోటీల ఫైనల్. డెబ్భై దాటినా ఈల నరసింగరావు మెడలోనే ఉంది. కూర్మయ్య మధ్యగీత చివర బోర్లా పడుకుని కెమెరా ఎత్తాడు. విరామానికి ముందు ఆఖరి కూతకి కళింగపట్నం పిల్ల ఉష వెళ్ళింది. ముగ్గురు నడుం పట్టేశారు. ఆమె చెయ్యి లేచింది. కూర్మయ్య నొక్కాడు. ఈల మోగింది.

"అందలేదు. అవుట్."

ఉష వేళ్ళు చూపించింది. మాస్టారు అటు చూడనైనా లేదు.

కెమెరా తెరమీద ఉష రెండు వేళ్ళూ గీతలో దిగి ఉన్నాయి. చుట్టూ సున్నం పొగలా లేచింది. పట్టేసిన చేతులు ఇంకా నడుం మీదే ఉన్నాయి. కూర్మయ్యకి కడుపు నిండినట్టయింది.

విరామంలో మాస్టారి కుర్చీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "మాస్టారూ, ఇది సూడండి."

నరసింగరావు కెమెరాని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "తెల్లగా ఉన్నాది. ఏటిరా ఇది, కొంగా?"

కూర్మయ్య అతని కళ్ళలోకి చూశాడు. నల్లగుడ్ల మీద బూడిద పొర.

"మీకు కనబడదా?"

"గట్టిగా అనకు. రెండేళ్ళయింది. పిల్లల అరుపుని బట్టి ఈలేస్తన్నాను."

"మరి ఆరోజు?"

మాస్టారు కెమెరా అంచుని బొటనవేలితో రుద్దాడు. "ఆరోజు కనబడిందిరా. నీ వేళ్ళు గీత దాటి ఇవతలకి వచ్చీసేయి."

"మైకులో సెప్పు." అతన్ని నువ్వు అనడం కూర్మయ్యకి అదే మొదలు.

"ఇప్పుడెందుకురా? సచ్చిపోయే మనిషిని."

"అందుకే."

మాస్టారు కదల్లేదు. కూర్మయ్య కెమెరా లాక్కుని కమిటీ కార్యదర్శి రమేష్‌బాబు దగ్గరికి వెళ్ళాడు. ఫోటో చూపించాడు. రిఫరీకి కళ్ళు కనబడవన్న సంగతి మైకు పక్కనే నిలబడి, అందరికీ వినబడేలా చెప్పాడు. మైదానం నవ్వింది. ఆ నవ్వు కూర్మయ్యకి బాగా తెలుసు. ఉష జట్టుకి పాయింట్లు కలిపారు. కూర్మయ్య వేళ్ళ గురించి ఎవరూ అడగలేదు. అడగడానికి వాటి సంగతి ఎవరికీ గుర్తు లేదు.

నరసింగరావు ఈల తీసి బల్లమీద పెట్టాడు. చేతులు ముందుకి చాపి తడుముకుంటూ, కోర్టుకి అడ్డంగా నడిచి గేటు దాటాడు. ఎవరూ చెయ్యందివ్వలేదు. అందరికంటే దగ్గరగా ఉన్నవాడు కూర్మయ్య. అతనూ ఇవ్వలేదు.

మాస్టారి పాదాలు ఈడ్చుకుపోయిన చోట గీత చెరిగింది. రెండో సగం మొదలయ్యేలోపు వెయ్యాలి. కూర్మయ్య గుప్పిట నిండా సున్నం తీసుకుని వంగాడు.

చెప్పులతో కోర్టులోకి ఎవరూ దిగరు. గీతకి అవతల, ఖాళీ కుర్చీ పక్కన ముసలాయన తోలు చెప్పులు ఉండిపోయాయి. కుడిదానికి బొటనవేలి పట్టీ కొత్తగా కుట్టించి ఉంది.