సరిత పేరు మీద పదకొండు సిమ్ములు

మల్లాపూర్‌లో సరిత అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతుండగా పోలీసు జీపు వచ్చి ఆగింది. దుబాయిలో ఉన్న భర్త సురేందర్ ముందు గుర్తొచ్చాడు. ఒళ్లోని చాట జారి తంబాకంతా నేలపాలైంది.

"మా ఆయనకు ఏమన్న అయ్యిందా సార్?"

"ఆయనకేం గాలే. నీ పేరు మీద పదకొండు సిమ్ములున్నయి. ఎవలకిచ్చినవు?"

"పదకొండా? నాకున్నది ఒక్కటే సార్. గిదో, గీ ఫోన్లనే ఉన్నది."

ఆ మాట వాళ్లు నమ్మలేదు. స్టేషన్‌కు రమ్మన్నారు. పక్కింటి నర్సక్క తోడు వెళ్లింది.

కోరుట్ల స్టేషన్‌లో ఎస్సై సంగతి చెప్పాడు. సిరిసిల్లలో ఒక అద్దె గదిలో వందల సిమ్ములు పెట్టిన యంత్రం దొరికింది. గల్ఫ్ నుంచి చేసే ఫోన్లను ఇంటర్నెట్‌లో దొంగదారిన తెచ్చి, ఆ సిమ్ముల నుంచి ఇక్కడి ఫోన్లలాగా కలుపుతున్నారు. అలా వచ్చిన ఒక ఫోన్‌తోనే ఎవరో బ్యాంకు వాళ్లమని చెప్పి చందుర్తి ఊరి రైతును ముంచారు. ఆ సిమ్ము సరిత పేరు మీద ఉంది.

ఆమె పేరు మీది సిమ్ముల నంబర్లున్న కాగితాన్ని ఎస్సై చూపితే, రెండో నంబరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. సురేందర్ దుబాయి నుంచి చేసినప్పుడల్లా ఆమె ఫోన్‌లో కనబడేది ఆ నంబరే. అక్కడ వాట్సాప్‌లో మాట్లాడనివ్వరని, కూలీల క్యాంపులో తక్కువ ధరకు దొరికే సస్తా కార్డుతో ఫోన్ చేస్తున్నానని అనేవాడు. వానాకాలంలో ఒకరోజు "పరంజా మీదికెల్లి పడ్డ, కాలు..." అంటుండగా లైను తెగింది. రెండు రోజులు ఆమె అదే నంబరుకు చేస్తూనే ఉంది. అవతల ఎత్తిన మనిషి లేడు. మూడో రోజు అతనే మళ్లీ చేసి, కాలు బెణికిందంతే అని చెప్పాడు.

"గది నా పేరు మీది సిమ్మేనా సార్? మరి నాకే పలుకకపాయె గదా!" అంది.

సిమ్ము ఎక్కడ తీసుకున్నావని అడిగితే అంతా గుర్తొచ్చింది. కోరుట్ల బస్టాండులో కంపెనీ గొడుగు కింద జితేందర్ అనే అతను ఫ్రీ సిమ్ములు ఇచ్చాడు. బీడీ ఆకు రాపిడికి అరిగిన ఆమె బొటనవేలిని మిషన్ పట్టలేదన్నాడు. "రాలే అక్కా, ఇంకోసారి పెట్టు," అని ఎన్నిసార్లు పెట్టించాడో. తన వేలిదే తప్పనుకుని ఆమె సిగ్గుపడుతూ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ తన పేరు మీద ఒక సిమ్ము లేచిందని ఇప్పుడర్థమైంది.

"చూసుకోవద్దా?" అన్నాడు ఎస్సై.

"చూసుకోనీకి మిషిన్ నా దిక్కు తిరిగి ఉన్నదా సార్?"

ఎస్సై పంపించాక, సరిత ఇంటికి పోకుండా నేరుగా బస్టాండుకు నడిచింది. గొడుగు ఇంకా అక్కడే ఉంది. కింద ఆడవాళ్లు వరుసకట్టి ఉన్నారు. మిషన్ మీద వేలు పెట్టబోతున్న ఒకామె చెయ్యి పట్టి సరిత వెనక్కి లాగింది.

పదకొండు సిమ్ముల సంగతి ఆమె అడిగేసరికి జితేందర్ లేచి నిలబడ్డాడు. "నేనేం జేయాలె అక్కా? కంపెనీలు పోటీల మీద పోటీలు పెడ్తున్నయి. టార్గెట్ నింపకుంటే తీసేస్తరు. ఎవడో వచ్చి అడిగితే ఇచ్చిన."

"మీ పోటీకి మా బొటనేళ్లే దొరికినయా? మా మొగోళ్లు ఎండల మాడి ఒక్క మాట మాట్లాడుదమంటే, గది గుడ అమ్ముకుంటిరా?"

మిషన్ లాక్కుని స్టేషన్ దారి పట్టింది. నర్సక్క, వరుసలోని ఆడవాళ్లు వెంట నడిచారు. స్టేషన్‌లో చూస్తే, వాళ్లలో నలుగురి పేర్ల మీదా వాళ్లకే తెలియని సిమ్ములు బయటపడ్డాయి. ఫిర్యాదును పైకి చదివించుకుని, తన పేరు పక్కన "మోసపోయిన మనిషి" అని రాయించుకున్నాకే సరిత సంతకం పెట్టింది.

జితేందర్ అరెస్టయ్యాడు. మిగతా పదింటితోపాటు ఆమె అసలు నంబరును కూడా కంపెనీ ఆపేసింది. జగిత్యాలలోని కంపెనీ ఆఫీసులో అడిగితే, జితేందర్ మా మనిషి కాదన్నారు.

"గొడుగు మీద పేరు మీదే గదా?" అని ఆమె అరిచింది.

సురేందర్ నర్సక్క ఫోన్‌కు చేసి కొత్త సిమ్ము తీసుకొమ్మన్నాడు. సరిత ససేమిరా అంది. "నా నంబర్ నేనెందుకు ఇడిసిపెడ్త?"

తొమ్మిది రోజులు ఆ ఆఫీసు చుట్టూ తిరిగి తన నంబరు తెరిపించుకుంది. కేసు నడుస్తూనే ఉంది. వాయిదా ఉన్నప్పుడల్లా బీడీల పని మానుకుని ఆమె కోర్టుకు వెళ్తుంది. కంపెనీ తరఫున ఇంతవరకు ఒక్క మనిషీ రాలేదు.