లచ్చవ్వ వంతు

లచ్చవ్వ తెల్లారకముందే లేచి పెద్ద గిన్నెలో అన్నం వండింది. పప్పు, పచ్చిపులుసు చేసింది. బదలుకు వచ్చినవాళ్లకు మధ్యాహ్నం బువ్వ పెట్టడం పొలంవాళ్ల పని. వచ్చేది ఐదుగురే అయినా నాటు వేసే ఆడవాళ్ల ఆకలి ఎంతదో ఆమెకు తెలుసు. ఇంకో ఇద్దరికి సరిపడా బియ్యం ఎక్కువే పోసింది.

నెల్లికుదురు దగ్గరి ఆ ఊళ్లో పదిహేనేళ్లుగా ఆ ఆరుగురు ఆడవాళ్లది ఒకే జట్టు. ఇవాళ నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు. కూలి మాటే ఉండదు. దాన్నే వాళ్లు బదలు అంటారు. ఎవరు ముందు నారు పోస్తే వాళ్ల నాటు ముందు. ఆ వరసన ఈ వానాకాలం లచ్చవ్వది రెండో వంతు, భూదేవిది ఆఖరు వంతు.

పన్నెండు రోజుల కిందట, ఒక మంగళవారం పొద్దున, భూదేవి వచ్చి గడప మీద కూర్చుంది.

"అక్కా, మా బోరు నీళ్లు సన్నబడ్డయి. నీది చెరువు కింది పొలం, నీకేం రంది లేదు. జర నీ వంతు నాకియ్యరాదు? ఆఖరుకు అందరం కలిసి నీది ఒక్కపూటల ఊదిపడేస్తం."

పక్కనే పశువులకు కుడితి కలుపుతున్న లచ్చవ్వ మొగుడు కొమురయ్య తలెత్తాడు. "నారు ముదురుతదే. ముదిరిన నారు పిలకలు పెడతదా?"

"నువ్వూకో," అంది లచ్చవ్వ. "భూదేవి అడిగితే కాదంటనా?"

కాదనలేదు. నాలుగేళ్ల కిందట లచ్చవ్వకు గర్భసంచి తీసేసినప్పుడు నెలరోజులు ఇంట్లో పొయ్యి వెలిగించింది భూదేవి. వరంగల్ దవాఖానలో ఆమె జుట్టు దువ్వి జడ వేసింది కూడా భూదేవే. సొంత చెల్లెలు రెండు పూటలు వచ్చి, పండ్లు పెట్టి పోయింది.

ఇన్నాళ్లూ లచ్చవ్వ ఐదు పొలాల్లో నడుం వంచింది. ఆమె నారు నలభై రోజులకు వచ్చింది. ఆకుల కొసలు పసుపెక్కాయి. నిన్న సాయంత్రం మొగుడూ పెళ్లాం కలిసి నారుమడి మొత్తం పీకి, వేళ్ల మట్టి కడిగి, గడ్డిపోచలతో కట్టలు కట్టారు. పొద్దున కొమురయ్య దున్ని చదును చేసిన బురదలో ఆ కట్టలన్నీ విసిరాడు. ఇక ఆగేది లేదు. పీకిన నారు వాడిపోతుంది, కలిపిన బురద పేరుకుంటే వేలు కూడా దిగదు.

ఎనిమిదయింది. ఎవరూ రాలేదు. భూదేవికి ఫోన్ చేస్తే పాట మోగి మోగి ఆగిపోయింది.

అప్పుడే రోడ్డు మీద ఆటో చప్పుడయింది. వెనక కాళ్లు వేలాడేసుకుని ఆడవాళ్లు, చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు. నాటుకు పోయేటప్పటి కట్టే అది.

"వస్తున్నరు చూడు, ఊకె పరేషాన్ అయితవు," అంటూ లచ్చవ్వ ఒడ్డు మీదికి ఎక్కి చెయ్యి ఊపింది. ఊపిన చెయ్యి అట్లాగే ఉండగా ఆటో ఆమె పొలం దాటి మరిపెడ దారి పట్టింది. కొసన కూర్చున్న భూదేవి కొంగు ముఖం మీదికి లాక్కుని అటు తిరిగింది.

"మాటలల్ల పడి మర్చిపోయిండ్రేమో," అంది లచ్చవ్వ. మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి స్విచాఫ్.

ఆమె చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది. కట్ట విప్పి నాలుగేసి మొక్కలు తీస్తూ, వెనక్కి జరుగుతూ ఒక్కతే నాటడం మొదలుపెట్టింది. ఆరుగురి వరసలో ఆమె ఎప్పుడూ భూదేవి పక్కనే ఉండేది. మాటలతో ఎకరం ఎట్లా అయిపోయేదో తెలిసేది కాదు. ఇప్పుడు ఇటూ అటూ ఖాళీ బురద. ఊరికే చూడలేక కొమురయ్య కూడా దిగాడు. ఆయన నాటిన మొక్కలు నాలుగడుగులు వేసేలోపు నీళ్ల మీద తేలాయి.

పదకొండింటికి సంగీత వచ్చింది. జట్టులో అందరికంటే చిన్నది, నిరుడే కాపురానికి వచ్చి అత్త బదులు జట్టులో చేరిన కోడలు.

"గిదేంది పెద్దమ్మా, ఒక్కదానివే ఏస్తున్నవు? మా అత్తకు సూది ఇప్పిచ్చుకొని వస్తున్న. నీ కూలోళ్లు రాలేదా?"

"కూలోళ్లెవలు?"

"భూదేవి చిన్నమ్మ చెప్పింది గద. అక్క వేరే కూలోళ్లను మాట్లాడుకున్నది, మనం అక్కర్లేదన్నది అని. అందుకే మనోళ్లంత మరిపెడ దిక్కు పటేల్ పొలాలకు, ఎకరానికింతని గుత్తకు పోయిండ్రు. చిన్నమ్మే మేస్త్రి. ఇయ్యాల్టి సంది పది దినాల పని."

"గుత్త ఎప్పుడు మాట్లాడిండ్రు?"

"బోనాల ఆదివారం నాడే. ఆ పటేల్ చిన్నమ్మ ఇంటికే వచ్చిండు."

లచ్చవ్వ చేతిలోని నారుకట్ట బురదలో పడింది. బోనాలు ఆదివారం. భూదేవి వచ్చి గడప మీద కూర్చున్నది ఆ తర్వాత రెండో రోజు, మంగళవారం.

సంగీతకు ఆ ముఖం చూసి సగం అర్థమయింది. మిగతాది అడగలేదు. చెప్పులు ఒడ్డు మీద విడిచి దిగింది.

"పెద్దబాపూ, నువ్వు ఒడ్డెక్కి కూసో. నీ నాటు చూసి కొంగలు నవ్వుతున్నయి."

కొమురయ్య నవ్వుతూ ఎక్కాడు. లచ్చవ్వ నవ్వలేకపోయింది.

పొద్దు వాలేసరికి ఇద్దరూ కలిసి సగమే వేయగలిగారు. వెళ్లిన ఆటో తిరిగి వచ్చి రోడ్డు మీద ఆగింది. భూదేవి ఒక్కతే దిగి ఒడ్డు మీదుగా నడిచి వచ్చింది. కాళ్లకు వేరే ఊరి మట్టి ఎండి తెల్లబడి ఉంది.

"అక్కా, కోపం చెయ్యకు. గుత్త ఇడిసిపెడితే ఆ పటేల్ ఇంకో ముఠాకిస్తడు. ఎల్లుండికి ఇద్దరిని పంపిస్త."

లచ్చవ్వ వంగిన నడుం ఎత్తలేదు. "ఒక్కటి చెప్పు. నా వంతు అడుగవచ్చిననాడు నీకెరికేనా, నా నాటుకు రావని?"

భూదేవి చెరువు వైపు ముఖం తిప్పుకుంది.

"ఎరికే. చెప్తే నువ్వియ్యకపోదువు గదక్కా."

అప్పుడు లేచి నిలబడింది లచ్చవ్వ. "ఇస్తుంటి," అంది. "నీ బిడ్డ ఫీజు కోసమనో, ఇంకేదనో ఒక్క మాటంటే ఇస్తుంటి. కూలోళ్లను ముందే చూసుకుంటుంటి."

భూదేవి కళ్లు తుడుచుకుని ఒక చెప్పు విడిచింది. "ఎలుగున్నంతసేపు నేనూ ఏస్త."

"దిగకు."

"అక్కా..."

"నువ్వు దిగితే మల్ల నీ పొలంల నేను దిగాలె. నాతోని కాదు."

సంగీత తల వంచుకుని గబగబా నాటుతోంది. భూదేవి ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, ఒడ్డు మీద నిలబడిపోయింది. లచ్చవ్వ ఆమెకు వీపు పెట్టి, మిగిలిన సగం వైపు వంగింది.